రాహేలు ఏడ్చిన ఆదివారం

మిర్యాలగూడ,
డిసెంబరు 18.

షారోను నాన్నకు,

మీరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తడం లేదని గోపి అన్నతో చెప్పుకుని బాధపడ్డారట. ఎత్తాలనే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటాను కూడా. కానీ రెండు మాటలు కాగానే మీ ఇంటి గొంతు పోయి గుడి గొంతు వచ్చేస్తుంది. “ప్రార్థన చేసుకుందాం గ్రేస్” అంటారు. మీరు దేవునితో మాట్లాడుతుంటే మధ్యలో నేనెలా మాట్లాడను? అది అయ్యేసరికి నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఎండిపోతుంది. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదవండి. చదివాక నా కోసం ప్రార్థన చేయకండి. కాసేపు ఆలోచించండి, చాలు.

ఇక్కడ అమ్మ, అన్న బాగున్నారు. అన్న పనిచేసే రైసుమిల్లు ఇంటికి దగ్గరే కాబట్టి ఆరేసిన బట్టల మీద బూడిద పడుతుంటుంది. రోజూ దులిపి మడతపెడతాను. నేను చేస్తున్న పని అదొక్కటే. అమ్మ నన్నేమీ అడగదు. ఇరుగుపొరుగు అడిగితే మాత్రం, “పండగ పనులల్ల అల్లుడు పరేషాన్ ఉన్నడు, అయినంక పోతది” అని చెప్తున్నది. అది నిజం కాదని ఆమెకూ తెలుసు.

ఆగస్టులో మన పాపను మట్టిలో పెట్టిన రోజు మీకెలా గుర్తుందో నాకు తెలియదు. నాకు గుర్తున్నది చెప్తాను. సూర్యాపేట దవాఖానలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆ జ్వరం ఎవరి మాటా వినలేదు. అందుకు నేను ఎవరినీ తప్పుపట్టను, మిమ్మల్ని అసలే పట్టను. మరునాడు కోదాడలో గుడి వెనక సమాధుల దగ్గర, వాన కాస్త తెరిపిచ్చినప్పుడు అందరూ నిలబడ్డారు. సూర్యాపేట నుంచి వచ్చిన పాస్టరుగారు వాక్యం చెప్తానంటే మీరు వద్దన్నారు. మీరే ఆరాధనలో వేసుకునే పొడవాటి తెల్ల అంగీ వేసుకుని నిలబడ్డారు. దేవుడు తన తోటకు ఒక పువ్వు కావాలనుకుని కోసుకున్నాడని చెప్పారు. మీ గొంతు ఒక్కసారైనా వణకలేదు. ఆ మాట వినగానే నా లోపల్నుంచి ఒక అరుపు వచ్చింది. నేను కావాలని అరిచింది కాదు. మీరు పుస్తకం మూసి, నా మోచెయ్యి పట్టుకుని, నా చెవి దగ్గర అన్నారు: “ఊరుకో గ్రేస్. అందరు సూస్తున్నరు.”

ఊరుకున్నాను. ఆ తర్వాత మన లింగమ్మ వచ్చింది. గుడిలో ముందు చాప మీద కూర్చుని అందరికంటే గట్టిగా హల్లెలూయ అనే ఆ ముసలామే. నా కొంగు సర్ది, “పాస్టరమ్మా, నువ్వే గిట్ల ఏడిస్తే మా అసొంటోళ్ళ విశ్వాసం ఏం గావాలె? నలుగుర్ల మన సాక్ష్యం పోతది బిడ్డా, ఊకో” అన్నది. మంచి మనసుతోనే అన్నది. నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను ఏడ్చింది స్నానాల గదిలో నల్లా తిప్పుకునే. మీరు హాల్లో పాప ఫోటో తీసి బీరువాలో పెట్టారు, వచ్చేపోయేవాళ్ళు చూసి బాధపడుతున్నారని. సెప్టెంబరులో ఒక ఆదివారం మీ ప్రసంగంలో “మా కుటుంబంలో జరిగిన సంఘటన” అన్నారు. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని వింటున్నాను. నాలుగేళ్ళ పిల్ల సంఘటన అయిపోయింది. ఆమె పేరు మీ నోటివెంట మళ్ళీ వస్తుందేమోనని నవంబరు దాకా చూశాను. రాలేదు. అప్పుడే బట్టలు సర్దుకున్నాను. అమ్మకు ఒంట్లో బాగాలేదని మీతో చెప్పి వచ్చాను. అమ్మకు ఏమీ లేదు.

ఇక్కడొక ప్రైవేటు స్కూల్లో జనవరి నుంచి టీచరుగా రమ్మన్నారు. వస్తానని చెప్పాను. నేను తిరిగి కోదాడ రాను. మీ మీద కోపమా అంటే, కాదని చెప్పలేను, అవునని కూడా చెప్పలేను. మీ పక్కన కూర్చుని ఓదార్పు పొందినదానిలా నటించే శక్తి నాకు లేదు, అంతే.

ఒక్కటి మాత్రం అడుగుతాను. క్రిస్మస్ తర్వాత ఆదివారం ఏ పాఠం వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. యోసేపు కలలోకి దేవదూత రావడం, తల్లిని, బిడ్డను తీసుకుని వాళ్ళు ఐగుప్తుకు పారిపోవడం, ఆ తర్వాత హేరోదు రాజు ఆ ఒక్క బిడ్డ కోసం బేత్లెహేము పసిపిల్లలందరినీ చంపించడం. అక్కడ మత్తయి రాహేలు మాట తెస్తాడు. ఆమె పిల్లల కోసం ఏడుస్తుంది, ఎవరు ఓదార్చినా వద్దంటుంది. మన పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నాను, మీరు ఐగుప్తు దాకా చదివించి అక్కడ ఆపిస్తారు. “పండగ వారంల పిల్లల చావులెందుకు, జనం సంతోషంగ ఇంటికి పోవాలె” అంటారు. అప్పుడు నాకూ అది సబబుగానే తోచింది. ఈ ఏడు ఆపించకండి. ఆ తల్లి ఏడుపు కూడా గుడిలో వినపడనివ్వండి. దాన్ని రాసిపెట్టిన మనిషి ఆమెను నోరు మూసుకోమనలేదు కదా.

ఆరోగ్యం చూసుకోండి. చలిగా ఉంది. మీ ఉన్ని శాలువా పెద్ద పెట్టెలో అడుగున ఉంది.

గ్రేస్

*

కోదాడ,
డిసెంబరు 29.

ప్రియమైన గ్రేస్‌కు,

నీ ఉత్తరం పండగకు ముందే చేరింది. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. ఇంతమందికి చావులో ధైర్యం చెప్పినవాణ్ణి, నా భార్యకే రాయిలా కనిపించానా అనుకున్నాను. జవాబు రాద్దామని కూర్చున్నాను. రాసిందంతా ప్రసంగంలాగే వచ్చింది. చించేశాను. నువ్వు చెప్పింది నిజమేనని అప్పుడు తెలిసింది.

పండగ బాగానే జరిగింది. గుడి నిండింది. బయట షామియానా వేయాల్సి వచ్చింది. పిల్లలు గొర్రెల కాపరుల వేషాలు వేశారు. అందరూ నీ గురించి అడిగారు, అత్తమ్మకు బాగాలేదని చెప్పాను. నువ్వు నాకు చెప్పిన అబద్ధమే నేను వాళ్ళకు చెప్పాను.

నిన్నటి ఆదివారం గురించి రాయాలి. క్రిస్మస్ తర్వాత ఆదివారం గుడి ఎలా ఉంటుందో నీకు తెలుసు. సగం మంది చుట్టాల ఊళ్ళకు పోయి ఉంటారు. రంగు కాగితాల తోరణాలు ఒక పక్క ఊడి వేలాడుతుంటాయి. ఉన్నవాళ్ళు పండగ అలసటతో కునికిపాట్లు పడుతుంటారు. నువ్వు అడిగినట్టే పాఠమంతా చదివించాలని నిర్ణయించుకున్నాను. కానీ నిజం చెప్తాను, ఆ పిల్లల సంగతి మీద ఎక్కువసేపు ఆగదలచుకోలేదు. ఆపదలో దేవుడు తన వారిని ఎలా కాపాడతాడు అనే మాట మీదనే ప్రసంగం తయారుచేసుకున్నాను. రాహేలును ఒక్క వాక్యంలో దాటేయవచ్చనుకున్నాను.

సువార్త పాఠం మన సంఘపెద్ద మల్సూర్ చదివాడు. అలవాటు ప్రకారం ఐగుప్తు దగ్గర ఆగి పుస్తకం మూయబోయాడు. ఇంకా చదవమని చెయ్యి ఊపాను. నావైపు ఒకసారి చూసి మళ్ళీ తెరిచాడు. ఆ తల్లి మాట వచ్చేసరికి తడబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకుని ముగించాడు. కళ్ళద్దాలు సరిగ్గా లేవేమో అనుకున్నాను.

నేను పల్పిట్ ఎక్కాను. దేవదూత యోసేపుకు చెప్పింది, యోసేపు లేచాడు, వెలుగు రాకముందే బయలుదేరాడు, దేవుడు తన బిడ్డను కాపాడుకున్నాడు. ఇంతవరకు బాగానే చెప్పాను. అప్పుడు ముందు చాప మీద నుంచి లింగమ్మ లేచి నిలబడింది. హల్లెలూయ అంటుందనుకున్నాను.

“అయ్యగారూ, ఒక్క మాట” అన్నది. “ఆ దూత యోసేపు కలలకే ఎందుకు పోయింది? తక్కిన పోరగాండ్ల తండ్రులు గూడ గా రాత్రి పండుకునే ఉండిరి గద. ఆళ్ళ కలలకు ఎందుకు పోలే?”

ఎదురు చెప్పినట్టు అడగలేదు గ్రేస్. దారి తప్పిన మనిషి బస్టాండులో అడిగినట్టు అడిగింది. కునికేవాళ్ళంతా తల ఎత్తారు. నాకు చదువుకున్న జవాబులున్నాయి. దేవుని సంకల్పం అని, ప్రవచనం నెరవేరాలని, మనకు అర్థం కాని మేలు ఒకటుంటుందని. అన్నీ నాలుక మీదికి వచ్చాయి. వాటితోపాటే సూర్యాపేట దవాఖాన వరండా కూడా వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు లోపల పాప దగ్గర ఉంటే, నేను బయట బెంచీ మీద కూర్చునే నిద్రపోయాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. గోడకు తల ఆనించి గాఢంగా నిద్రపోయాను. నర్సు భుజం తట్టి లేపింది. నా కలలోకి ఎవరూ రాలేదు. లే, బిడ్డను ఎత్తుకుని ఫలానా చోటికి పో అని ఎవరైనా ఒక్కమాట చెప్పి ఉంటే ఆమెను భుజాన వేసుకుని నడిచి ఐగుప్తు దాకా పోయేవాణ్ణి.

“నాకు తెల్వదమ్మా” అన్నాను. ఆ ఒక్కమాటే వచ్చింది. దాని తర్వాత ప్రసంగం లేదు. కాగితాలు అక్కడే ఉన్నాయి, అక్షరాలు కనిపించలేదు. ఆ పైన జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది. అంగీ వేసుకున్న మనిషి అలా ఉండకూడదు. ఆరాధన సగంలో ఆగింది. ఆశీర్వాదం కూడా చెప్పలేదు. పదకొండేళ్ళ సేవలో ఆశీర్వాదం లేకుండా జనాన్ని పంపింది నిన్ననే.

సాయంత్రం మల్సూర్ ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, “అయ్యగారూ, మీరు జర కొన్ని దినాలు రెస్టు తీసుకోండ్రి. వచ్చే ఆదివారం నేను సూసుకుంట” అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. సంఘం నన్ను ఇక వద్దనుకుంటున్నదని నాకు అర్థమైంది. వాళ్ళు అనేదాకా ఎందుకు? నన్ను సేవ నుంచి విడిపించమని బిషప్‌గారి డయోసిస్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఇంకా పంపలేదు, ఈ వారంలో పంపుతాను. ఓదార్పు చెప్పడం నా పని. అది నా దగ్గర లేదు. నీకే చెప్పలేకపోయినప్పుడు ఇంకెవరికని చెప్పను?

ఆ రోజు సమాధి దగ్గర నిన్ను ఎందుకు ఆపానో చెప్పాలి. అందరు చూస్తున్నారని కాదు. నోటికి వచ్చిన మాట అది. నువ్వు ఇంకొక్కసారి అలా అరిస్తే నేను ఆ గుంతలో పడిపోయేవాణ్ణి. నేను నిలబడడం కోసం నిన్ను ఏడవనివ్వలేదు. వేరే పాస్టరుగారిని వద్దన్నదీ అందుకే. మాట్లాడుతూ ఉంటే నిలబడగలను, ఆగితే పడిపోతానని. నెలల తరబడి అలా మాట్లాడుతూనే ఉన్నాను.

నిన్ను రమ్మని అడగడం లేదు. స్కూల్లో చేరు. పిల్లల మధ్య ఉంటే నీకు మంచిదో కష్టమో కూడా చెప్పలేను. అత్తమ్మకు నా నమస్కారాలు.

నీ
రాజ్‌కుమార్

*

మిర్యాలగూడ,
జనవరి 3.

షారోను నాన్నకు, మీ గ్రేస్ రాస్తున్నది.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అంతకు కాస్త ముందే ఇంటికి ఒక మనిషి వచ్చింది. తలుపు తీస్తే లింగమ్మ. చేతిలో సంచి, కాళ్ళకు దుమ్ము. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చి, గోపి అన్న పేరు పట్టుకుని రైసుమిల్లులన్నీ అడుగుతూ ఇల్లు కనుక్కున్నదట. ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా గడప మీద కూర్చుని నా రెండు చేతులు పట్టుకున్నది.

“నీకు ఊకొమ్మని చెప్పిన నోరు ఇది” అన్నది. “పురుగులు పడాలె దీనికి. నాకు నేను గూడ గట్లనే చెప్పుకుంట వచ్చిన బిడ్డా, ముప్పై ఏండ్ల సంది.”

ఆమెకొక కొడుకు ఉండేవాడట. మనకెవరికీ తెలియదు. యాదగిరి పేరు. ఏడేళ్ళవాడు, సాగర్ కాలువలో కొట్టుకుపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకు ఆమె బాప్తిస్మం తీసుకున్నది. నమ్ముకున్నవాళ్ళు పోయినవాళ్ళ కోసం ఏడవొద్దని ఎవరో చెప్తే, నిజమేననుకుని ఆ పేరు మింగేసింది. అందుకేనట అంత గట్టిగా హల్లెలూయ అనేది. లోపల వేరే మాట లేస్తే దాని మీద ఈ మాట వేసేదట. ఆ ఆదివారం మల్సూర్ రాహేలు మాట చదువుతుంటే, ఇన్నేళ్ళుగా ఈ తల్లి పుస్తకంలో ఉండగా తనకు ఎవరూ చూపించలేదే అనిపించిందట. అడగాలని లేవలేదు, కాళ్ళే లేచినయ్ అన్నది.

మీరు రాయడానికి సిగ్గుపడ్డది ఆమె చెప్పింది.

“తెల్వదమ్మా అని అయ్యగారు పల్పిట్ దిగొచ్చి మా ఆడోళ్ళ చాప మీద కూలబడ్డడు. అంగీతోనే. రెండు చేతులల్ల మొకం పెట్టుకున్నడు. మేం బుగులుపడ్డం. గప్పుడు అన్నడు, నా బిడ్డ పేరు షారోను అని. మాకు తెల్వదా ఆ పిల్ల పేరు? అయినా గట్ల చెప్పిండు, కొత్తగ చెప్పినట్టు. అన్నం ముందల నేను ప్రార్థన లంబగ సాగదీస్తుంటే మధ్యలనే ఆమెన్ అని అరిచి ముద్ద నోట్ల పెట్టుకునేది అన్నడు. మాకు నవ్వొచ్చింది బిడ్డా. ఏడుసుకుంట నవ్వినం. ఇగ నేను మా యాదగిరి పేరు చెప్పిన. నా నోట్లెనుంచి ఆ పేరు ఇంటే నాకే కొత్తగ కొట్టింది.”

తర్వాత ఒకరి వెంట ఒకరు చెప్పారట. ఒకామె తన బిడ్డ పేరు పెట్టకముందే పోయిందని, ఇప్పుడు ఏమని పిలవాలె అని అడిగిందట. అందరికంటే చివర మల్సూర్ లేచి సుమతి అన్నాడట. పెద్దకూతురు, పదహారేళ్ళకు పోయింది. ఆయన భార్య పక్కనే ఉండి, ఇంట్లో కూడా ఆ పేరు ఎత్తని మనిషి గుడిలో ఎత్తాడని బిత్తరపోయి చూసిందట. పాఠం చదివేటప్పుడు ఆయన తడబడింది కళ్ళద్దాల వల్ల కాదు. మీకు రెస్టు తీసుకోమన్నది సంఘం వద్దనుకుని కాదు. లింగమ్మతో ఆయన అన్నమాట ఇది: “మనం ఆయనను ఒక్క దినమన్న ఏడ్వనియ్యలె. సమాధికాన్నుంచి సక్కగ తీస్కపోయి పల్పిట్ ఎక్కించినం. కొన్నాళ్ళు ఇంట్ల ఏడ్వనీ.” మీ మొహం చూడకుండా పోయింది ఆయన కళ్ళు మీకు కనిపించకూడదని.

ఆ రోజు ఒక్కరు కూడా లేచి పోలేదట. ఆశీర్వాదం కోసం కూడా ఎవరూ చూడలేదట. చివరికి లింగమ్మే, “ఇగ పోదాం, పిల్లలకు ఆకలైతుంది” అంటే లేచారట.

ఆమెకు అన్నం పెట్టి, బస్సెక్కించి వచ్చి, మీ ఉత్తరం చదివాను. తర్వాత మేడ మీదికి పోయాను. అక్కడ ఆరేసిన బట్టల మధ్య నిలబడి గట్టిగా ఏడ్చాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను. అమ్మ పైకి వచ్చి నా పక్కన కూర్చున్నది. చీకటి పడేదాకా కూర్చున్నది.

బెంచీ మీద నిద్రపోయానని రాశారు. నాకు తెలుసు. నర్సును పంపింది నేనే. అంతకుముందు ఒకసారి బయటికి వచ్చి చూశాను. మీరు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు, అంతకుముందు రెండు రోజులుగా కన్ను మూయని మనిషి. లేపబుద్ధి కాలేదు. ఆ నిద్రను మీరు తప్పుగా మోస్తున్నారని నాకు తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని. మనం ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకరికి వినపడకుండా ఒకరం ఏడ్చుకున్నాం.

డయోసిస్‌కు రాసిన కాగితం ఆపమని చెప్పను, పంపమనీ చెప్పను. సేవలో ఉన్నా, మానేసి ఇంకో పని చూసుకున్నా మీరు మీరే. కానీ ఓదార్పు చెప్పడం మీ పని అని రాశారు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు. మీరు చెప్పలేకపోయిన రోజే కదా లింగమ్మ తన కొడుకును పిలుచుకున్నది. ఆమె ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ జవాబు వెతకకండి. అది అలాగే ఉండనివ్వండి.

స్కూలు వాళ్ళకు రానని చెప్పాను. ఈ ఉత్తరం అన్న చేతికిచ్చి రేపే పంపుతున్నాను, సోమవారం పొద్దున బస్సుకు నేను బయలుదేరుతున్నాను. నా బాధ తగ్గిందని వస్తున్నాననుకోకండి. తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు. ఓదార్పు వద్దనుకునేదాన్నే నేను. కానీ అది ఒక్కదాన్నే వద్దనుకుంటూ ఇక్కడ ఉండడం నాతో కావడం లేదు. మీరు కూడా వద్దనుకుంటున్నారని ఇప్పుడు తెలిసింది.

బస్టాండుకు రాకండి. నేను ఆటోలో వస్తాను. నేరుగా గుడి వెనక్కి వస్తాను, అక్కడుండండి. పాప దగ్గర కాసేపు కూర్చుందాం. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. వంట నేనొచ్చి చేస్తాను. కొత్త బియ్యం అమ్మ మూట కట్టి పెట్టింది. ఇద్దరికి వండడం నాకింకా చేతకాదు, చెయ్యి ముగ్గురికే తీస్తుంది. మిగులుతుంది. మిగలనీ.

షారోను అమ్మ,
గ్రేస్